శిక్షకు ముందరి అరపేజీ

తెలుగు కథకుడికి కోర్టు కొత్త చోటు కాదు. పోలీసు కేసును ఎలా కడతాడో, దొంగసాక్షి బోనులో నిలబడి ఎలా తడబడతాడో, ప్లీడరు ఫీజు కోసం కక్షిదారు కొంగుముడి వైపు ఎలా చూస్తాడో మన సాహిత్యానికి బాగా తెలుసు. తీర్పు తర్వాత వచ్చే జైలు కూడా తెలుసు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922 లోనే మనల్ని ఆ గోడల లోపలికి తీసుకుపోయింది. కాని ఈ రెంటి మధ్యా ఒక అరగంట ఉంది. ‘నువ్వు దోషివి’ అని జడ్జి అన్న తర్వాత, ‘నీకు ఇంత శిక్ష’ అనబోయే ముందు గడిచే అరగంట అది. దాని గురించి మన వచనం దాదాపు నోరు విప్పలేదనే నా ఫిర్యాదు.

‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్ల మీద కేసు శిక్ష దాకా పోదు, సౌజన్యారావు పంతులు గారింట్లోనే ముడి విడిపోతుంది. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో ప్లీడరుగా బతికినవారు, సారా కేసుల లోగుట్టు ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ‘మాయ’ కథలో ముత్యాలమ్మ మాట్లాడినంత ధారాళంగా తెలుగులో ఏ ముద్దాయీ మాట్లాడలేదని నా అభిప్రాయం. అయితే ఆమె మనసు విప్పింది ప్లీడరు ముందు, జడ్జి ముందు కాదు. జడ్జి ముందు ఆమెకు అంత చోటు దొరకదని రావిశాస్త్రి గారికి తెలుసు. ఆ చోటు ఎంత, అందులో ఏం పట్టించవచ్చు అన్నదే నేనిక్కడ చూడదలచుకున్నది.

చట్టం సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. 1898 నాటి నేర విచారణ స్మృతిలో శిక్ష గురించి ముద్దాయి మాట వినాలన్న నియమం లేదు. నేరం రుజువైతే అదే నోటితో శిక్ష కూడా చెప్పేసేవారు. 1973 స్మృతి 235వ సెక్షను రెండో భాగంలో ఆ నియమం వచ్చింది. 1976లో శాంతాసింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇది మాటవరసకు పెట్టిన నియమం కాదు, వినకుండా వేసిన శిక్ష నిలవదు అని తేల్చింది. 2024 జూలై 1 నుంచి పాత స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. నియమం మాత్రం పోలేదు, 258వ సెక్షనుగా కొనసాగుతోంది.

ఆ అరగంటలో ముద్దాయి అడగగలిగిన వాటిలో ముఖ్యమైనది ప్రొబేషన్. మన ఇళ్లలో ఈ మాట ప్రభుత్వోద్యోగంతో పాటు వచ్చింది. కొత్తగా చేరిన గుమాస్తాకు రెండేళ్ల ప్రొబేషన్ అంటే అందరికీ అర్థమవుతుంది. కోర్టులో దాని అర్థం అంతకు దూరం కాదు: జైలుకు పంపకుండా, మంచి నడవడికి బాండు రాయించుకుని, మూడేళ్లకు మించని గడువు పెట్టి, అవసరమైతే ఒక అధికారి కనిపెట్టి ఉండేలా బయటికి వదలడం. మాట తప్పితే మొదటి నేరానికే మళ్లీ శిక్ష. దీనికి 1958లో దేశానికంతటికీ ఒక చట్టం వచ్చింది. మద్రాసు రాజధానిలో మాత్రం అంతకు ముందే, 1936లో, ఇలాంటి చట్టం ఉండేది. ఆ ఏడాదే ఏప్రిల్ 1న గంజాం మద్రాసును విడిచి ఒడిశాలో కలిసింది. బరంపురం పాఠకులకు ఆ తేదీ వేరే కారణాల వల్ల గుర్తుండే ఉంటుంది.

నేను రాయదలచుకున్నది సాహిత్య విమర్శే గాని చట్ట వ్యాఖ్యానం కాదు. ప్రొబేషన్ కోరుతూ కోర్టుకు ఇచ్చే విన్నపం కూడా ఒక రచన. ఒక మనిషి బతుకును అరపేజీలో చెప్పి, చదివేవాడి మనసు మార్చాలని చూసే రచన. చదివేవాడు ఒక్కడే. అతనికి తీరిక లేదు. అంతకు ముందు గంటలోనే ఆ మనిషి గురించి అన్నిటికంటే చెడ్డ సంగతి రుజువైందని నిర్ణయించినవాడు కూడా అతనే. ఇంతకంటె కష్టమైన పాఠకుణ్ణి మన కథకులెవరూ ఎదుర్కొని ఉండరు. మరి ఆ రచన ఎలా ఉంటోంది?

సరిహద్దు జిల్లాల కోర్టుల్లో ఇలాంటి విన్నపాలు చాలా చదివాను. భాషలు వేరు: ఒకచోట తమిళం, ఒకచోట కన్నడం, ఎక్కువచోట్ల ఇంగ్లీషు. లోపలి సరుకు మాత్రం ఒక్కటే. ముద్దాయి నిరుపేద. కుటుంబానికి అతనొక్కడే ఆధారం. వృద్ధులైన తల్లిదండ్రులున్నారు. పెళ్లి కావలసిన చెల్లెలుంది. ఇది మొదటి తప్పు. కనుక ఏలినవారు దయ తలచి... పేరు తీసేసి మరో పేరు పెడితే మరో కేసుకు సరిపోతుంది. కొన్నిచోట్ల అలాగే సరిపెడతారు కూడా. ఒక విన్నపంలో ముద్దాయి వయసు 58 అని ఉండగా, కింద వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ భారం అలాగే నిలిచి ఉండటం చూశాను. ఆ తల్లిదండ్రులు నిజంగానే బతికి ఉంటే వాళ్ల గురించి ఒక వాక్యం ఎక్కువ రాయవలసింది.

ఈ వాక్యాల్లో అబద్ధం లేదు. చిక్కు ఎక్కడంటే అవి ఎవరివీ కావు. వీటి వంశవృక్షం చూస్తే కుంఫిణీ కాలపు అర్జీలు కనిపిస్తాయి. కలెక్టరు దొరవారి పాదాలకు మొక్కి, కరువు, కన్నబిడ్డలు, ధర్మప్రభువులు అని వరస కట్టిన ఆ వచనానికి ఒక న్యాయం ఉండేది: అక్కడ రైతుకు హక్కు లేదు, దొరకు ఇష్టం మాత్రమే ఉంది. ఇష్టాన్ని కదిలించడానికి కన్నీళ్లు తప్ప దారి లేదు. కాని 1958 చట్టం ముందు ఆ గొంతు సరిపోదు. 21 ఏళ్లు నిండని దోషి విషయంలో ఆరో సెక్షను చెప్పేది దయ గురించి కాదు. యావజ్జీవం పడే నేరాలను మినహాయించి మిగతా వాటిలో అతణ్ణి జైలుకు పంపకూడదు, పంపితే ఎందుకు పంపవలసి వచ్చిందో జడ్జి కారణాలు రాయాలి అంటుంది. 1973 స్మృతిలోని 361వ సెక్షను, ఇప్పటి 402, దాదాపు ఇదే బరువును జడ్జి మీద పెడుతుంది. కారణం చెప్పవలసినవాడు కుర్చీలో కూర్చున్నాయన. మన విన్నపం మాత్రం ఇంకా నేల మీద సాష్టాంగపడి ఉంది.

ఇంకొకటి. చట్టం అడిగే ప్రశ్నకూ ఈ విన్నపం ఇచ్చే జవాబుకూ పొంతన లేదు. నాలుగో సెక్షను చూడమన్నవి కేసు పరిస్థితులు, నేర స్వభావం, నేరం చేసినవాడి శీలం. అంటే ఈ మనిషి ఎవరు అని అడుగుతోంది. మనం ఇతను ఎంత దీనుడో చెబుతున్నాం. దైన్యం శీలం కాదు. బీదవాడైనందుకు వదిలెయ్యమనడం, బీదవాడైనందుకు అనుమానించడం, ఈ రెంటిలోనూ మనిషి కనిపించడు.

ఈ పద్ధతి పుట్టిన చోట విన్నపం ఇలా ఉండేది కాదు. అమెరికాలో బోస్టన్ నగరంలో జాన్ ఆగస్టస్ అని చెప్పులు కుట్టించి అమ్మే ఒక వర్తకుడు ఉండేవాడు. 1841లో అతను పోలీసు కోర్టులో ఒక తాగుబోతును చూసి, ఇక తాగనని ఆ మనిషి అన్న మాట నమ్మి పూచీ పడ్డాడు. మూడు వారాల తర్వాత తిరిగి తీసుకొస్తే జడ్జి ఒక సెంటు జరిమానా, ఖర్చులు వేసి వదిలేశాడు. 1859లో చనిపోయేలోగా ఆగస్టస్ 1,946 మందికి పూచీ పడ్డాడు. 1852లో తన పని గురించి ఒక నివేదిక అచ్చువేశాడు. అందులో సిద్ధాంతం తక్కువ, మనుషులు ఎక్కువ: ఎవరు, ఏ స్థితిలో ఉన్నారు, తర్వాత ఏమైంది. ప్రొబేషన్‌కు ఆది గ్రంథం అదే అనుకుంటే, అది రాసినవాడు న్యాయశాస్త్రజ్ఞుడు కాదు, గిట్టుబాటు తెలిసిన దుకాణదారు. ఎవరిని నమ్మి అప్పివ్వవచ్చో తెలిసినవాడు.

మన దేశంలో ఈ చట్టానికి మొదటి పెద్ద వ్యాఖ్యాత తెలుగువాడు కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గ సంగతి. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు 1964లో రతన్‌లాల్ కేసులో తీర్పు రాశారు. తర్వాత 1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పంజాబు కేసు అది. గుర్‌గావ్ జిల్లా రెవాడీ ఊళ్లో 16 ఏళ్ల కుర్రవాడు ఒక ఇంట్లో జొరబడి ఏడేళ్ల పిల్ల మీద చెయ్యి వేశాడని రుజువైంది. 1962 మేలో మేజిస్ట్రేటు ఆరు నెలల కఠిన శిక్ష, జరిమానా వేశాడు. 1958 చట్టం ఆ జిల్లాకు వర్తించింది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి. అంటే శిక్ష పడిననాటికి ప్రొబేషన్ చట్టం అక్కడ లేదు, అప్పీలు నాటికి ఉంది. మరి అప్పీలు కోర్టు దాన్ని వాడవచ్చా? వాడవచ్చని సుబ్బారావు గారు అన్నారు. ముద్దాయికి మేలు చేసే చట్టాన్ని వెనకటికి వర్తింపజేస్తే రాజ్యాంగానికి అడ్డు లేదని, నేరస్థుణ్ణి దండించడం కంటె దిద్దడమే ఈ చట్టం ఉద్దేశమని చెప్పి, కేసును ఆరో సెక్షను కింద చూడమని హైకోర్టుకు తిప్పి పంపారు. ముగ్గురు న్యాయమూర్తుల్లో రఘువర్ దయాళ్ గారు ఒప్పుకోలేదు.

వచనంగా చూస్తే ఇది మంచి తీర్పు. వాక్యం నడక నిదానం, ఒక మెట్టు మీద కాలు నిలిచాకే రెండో మెట్టు ఎక్కుతుంది. గడియారం మీద ఆధారపడిన ఒక చిన్న ప్రశ్న నుంచి శిక్షాతత్వం దాకా పోయిన తీరు గొప్పది. అయినా చదివి ముగించేసరికి నాకు వెలితి మిగిలింది. ఈ కుర్రవాడెవరు? పదహారేళ్లు అన్న అంకె తప్ప మనసులో నిలిచే వివరం ఒక్కటీ దొరకదు. వాడు చదువుతున్నాడా, పని చేస్తున్నాడా, తండ్రి ఉన్నాడా, ఆ తర్వాత ఆ వీధిలోనే తిరుగుతాడా? దిద్దడం గురించి ఇంత చెప్పిన తీర్పులో దిద్దవలసినవాడు లేడు. రెండోది ఇంకా బాధ పెట్టేది. ఆ ఏడేళ్ల పిల్ల కూడా ఒక అంకె మాత్రమే. నేరం వర్ణించే వాక్యంలో వస్తుంది, పూర్ణవిరామంతో వెళ్లిపోతుంది. సుప్రీంకోర్టు ముందున్నది చట్టం వర్తించే తేదీ గురించిన ప్రశ్న, పిల్ల గురించి రాయడానికి అక్కడ చోటు లేదు అంటారు ప్లీడరు మిత్రులు. నిజమే కావచ్చు. కాని ఈ తీర్పునే ఆ తర్వాత అందరూ ఉదహరిస్తారు గనక, అందులో ఎవరు లేరో అదీ సంప్రదాయమవుతుంది. ఈనాడైతే 16 ఏళ్లవాడు ముందుగా బాలన్యాయ మండలి ముందుకు పోతాడు, ఏడేళ్ల పిల్ల 2012 నాటి పోక్సో చట్టం రక్షణలోకి వస్తుంది. చట్టం ఆ పిల్లను చూడటానికి అన్నేళ్లు పట్టింది.

అందుకే ప్రొబేషన్‌ను పట్టుకుని ఊరికే కరుణరసం ఒలకబోసే వ్యాసాలు నాకు రుచించవు. ‘మంచి కుటుంబం నుంచి వచ్చాడు’ అన్న వాక్యం విన్నపాల్లో ఎంత సులభంగా పడుతుందో చూడండి. మంచి కుటుంబమంటే ఏది? పొలం ఉన్నదా, కులం ఉన్నదా? ఈ వాక్యం ఎవరికి కవచమవుతుందో తెలిసే కాబోలు, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 19వ సెక్షనులో, 18 ఏళ్లు దాటినవాడికి ఆ చట్టం కింద నేరం రుజువైతే ప్రొబేషన్ లేదని తెగేసి చెప్పారు. చావడిలో ఒక మనిషిని కొట్టి అవమానించినవాడు, ఊరిపెద్ద కొడుకునని, నడవడి మంచిదని సర్టిఫికెట్లు తెచ్చుకోగలడు. కొట్టించుకున్నవాడికి ఆ సర్టిఫికెట్లు ఎవరిస్తారు? శీలం అన్న మాటలో ఆస్తి ఎంత కలిసి ఉందో ఈ ఒక్క సెక్షను చెప్పినంతగా మన విమర్శకులు చెప్పలేదు.

మనబోటి వాళ్ల దగ్గరికి వస్తే ఈ చిక్కు మరో మలుపు తిరుగుతుంది. నాలుగో సెక్షనులో ఒక షరతు ఉంది: దోషికో, అతని పూచీదారుకో కోర్టు పరిధిలోనో, అతను ఉండబోయే చోటనో స్థిరనివాసమో, నికరమైన వృత్తో ఉండాలి. నాలుగు తరాలుగా హోసూరులోనో బళ్లారిలోనో ఉన్నవాళ్లకు ఇది అడ్డు కాకూడదు. కాని చిరునామా కాగితం లేని అద్దెగదివాడు, ముంబయిలో తట్ట మోసే పాలమూరు మనిషి, క్వారీ నుంచి క్వారీకి మారే రాళ్లు కొట్టేవాడు? వాళ్ల నివాసం నిజంగానే ఉంది, చూపించే భాషే లేదు.

భాష అన్నది అలంకారానికి అన్న మాట కాదు. శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడుగుతాడు. దుబాసీ అనువదిస్తాడు. మనవాడు తెలుగులో ఆరు వాక్యాలు చెబుతాడు: చెల్లెలి పేరు, అప్పు ఇచ్చినవాడి పేరు, ఆ రాత్రి తను ఎందుకు అక్కడికి పోయాడో. దుబాసీ వాటిని వంచి ఒక వాక్యం చేస్తాడు. రికార్డులో పడేది: ‘ముద్దాయి దయ చూపమని కోరాడు.’ ఈ నాలుగు మాటలే మన ముద్దాయిల సమగ్ర రచనలు. అప్పీలు కోర్టు చదివేదీ వీటినే.

ఊహకు ఒక కేసు తీసుకుందాం. షోలాపూరులో తువ్వాళ్లు నేసే పవర్లూము షెడ్డు. మన పద్మశాలీల కుర్రవాడు, 19 ఏళ్లు, పనిచేసే షెడ్డులోనే నూలు దొంగిలించి అమ్మాడు. పనివాడు యజమాని సొత్తు దొంగిలించడం పెద్ద నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ప్లీడరు రాసిచ్చే విన్నపం మనకు తెలిసిందే: నిరుపేద, ఒక్కడే ఆధారం, వృద్ధులైన తల్లిదండ్రులు. దాని బదులు ఇలా ఉందనుకోండి: ‘ఇతను పదో తరగతి తప్పి మేనమామ వెంట షెడ్డులో చేరాడు. మూడేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. తీసిన నూలు డబ్బుతో మందులు కొనలేదు, సెల్‌ఫోను కొన్నాడు. ఆ ఫోను అమ్మి, తక్కువైనది కూలిలో కోయించుకుని, నష్టం కట్టడానికి ఒప్పుకున్నాడు. యజమాని ఇతణ్ణి తిరిగి పనిలో పెట్టుకోనన్నాడు, అది ఆయన ఇష్టం. మేనమామ అదే పేటలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాడు, పూచీ ఉంటాడు, తాను పనిచేసే వేరే షెడ్డులో పని చూపిస్తానన్నాడు.’

ఇందులో కన్నీళ్లు లేవు. సెల్‌ఫోను ఉంది. ప్లీడరు ఆ ఫోను మాట కొట్టేస్తాడని నాకు తెలుసు. నేను మాత్రం దాన్నే ఉంచమంటాను. తనకు అనుకూలం కాని ఒక్క వివరం ఒప్పుకున్న వచనంలో మిగతా వివరాలు కూడా నమ్మదగ్గవి అవుతాయి. ఇది కథకులందరికీ తెలిసిన రహస్యమే, కోర్టు వరండా దాకా మాత్రం చేరలేదు. నష్టపోయిన యజమాని కూడా ఆ అరపేజీలో ఒక మనిషిగా ఉన్నాడు, అతనికి కోపగించే హక్కు ఉంది. చట్టం ఐదో సెక్షనులో నష్టపరిహారం ఇప్పించడానికి దారి ఉంచింది, విన్నపాలు ఆ దారి తొక్కడం అరుదుగా చూశాను.

ఆ కుర్రవాడికి బజారు మరాఠీ బాగానే వచ్చు. రేటు అడగగలడు, జవాబు చెప్పగలడు, పోట్లాడగలడు. కాని ఫోను ఎందుకు కొన్నావురా అని అడిగితే వచ్చే జవాబు తెలుగులోనే వస్తుంది, అదీ కాసేపు తల దించుకున్నాక. ప్రొబేషన్ అధికారి వాళ్లింటికి విచారణకు వచ్చినప్పుడు తల్లి గడపలో నిలబడి చెప్పేదీ తెలుగే. ఆయనకు తెలుగు రాకపోతే పక్కింటి అబ్బాయి దుబాసీ అవుతాడు, పక్కింటి తగాదాలు కూడా అనువాదంలో కలుస్తాయి. 21 ఏళ్లలోపు వాడి విషయంలో ఈ అధికారి నివేదిక తెప్పించుకోవడం కోర్టు విధి. విన్నపం కంటె బరువైన రచన అది. అయితే ఏడో సెక్షను ప్రకారం ఆ నివేదిక గోప్యం. కోర్టుకు తోస్తే దాని సారాంశం ముద్దాయికి చెప్పవచ్చు, తోచకపోతే లేదు. తన బతుకు గురించి ప్రభుత్వం రాయించిన ఒక్కగానొక్క కథను ఆ మనిషి ఎన్నడూ చదవకపోవచ్చు.

కొత్త స్మృతులు సమాజసేవను కూడా ఒక శిక్షగా చేర్చాయి, కొన్ని చిన్న నేరాలకు మాత్రం. దాని వచనం ఎలా ఉండబోతుందో చూడాలి. ఈలోగా, ప్రొబేషన్ అధికారులుగా, కోర్టు దుబాసీలుగా పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు బరంపురంలో, బళ్లారిలో, కృష్ణగిరిలో, షోలాపూరులో ఉండే ఉంటారు. పేర్లు, ఊళ్లు మార్చి, ఆనాడు రికార్డులో పట్టని ఆ ఆరు వాక్యాలను వాళ్లు ఇప్పుడైనా రాయవచ్చు. పత్రిక చిరునామా వాళ్లకు తెలుసు.